గుండె వైఫల్యం, యునానీ వైద్యం: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో నా దగ్గరికి గుండె వైఫల్యంతో వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో రెండు కవర్లు ఉంటాయి. ఒకదాంట్లో గుండె డాక్టరు రాసిన గోలీలు, ఇంకోదాంట్లో ఖమీరా అనే యునానీ లేహ్యం డబ్బా. "ఈ గోలీలు బంద్ పెట్టి మీ మందే వాడతా సార్" అంటారు. వద్దు. యునానీ చదివి, దాన్నే నమ్ముకుని బతుకుతున్న డాక్టరుగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

గుండె కండరం నీరసించో, బిరుసెక్కో ఒంటికి చాలినంత రక్తం పంపలేకపోవడమే ఈ జబ్బు. అందుకే నడిస్తే దమ్ము, పడుకుంటే ఊపిరాడకపోవడం, సాయంత్రానికి పాదాల వాపు.

అపోహ: దీనికి పాత యునానీ గ్రంథాల్లో పూర్తి మందు ఉంది.

పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా వెయ్యేళ్ల కిందటే గుండె మందుల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. గుండె నీరసాన్ని జోఫె ఖల్బ్ అని, దడను ఖఫఖాన్ అని మా హకీములు, అంటే యునానీ వైద్యులు, విడమరిచి రాశారు. కానీ ఇవాళ మనం ఒకే జబ్బుగా చూస్తున్నది వాళ్ల పుస్తకాల్లో మూడు చోట్ల ఉంటుంది. ఆయాసం జీఖున్నఫస్ కింద, ఒళ్లు నీరు పట్టడం ఇస్తిస్ఖా కింద, నీరసం జోఫె ఖల్బ్ కింద. పైగా నీరు పట్టడానికి ఎక్కువగా కాలేయాన్నే కారణంగా చెప్పారు. ఎకో (గుండె స్కానింగ్) లేని కాలంలో నాడి, మూత్రం చూసి అంత దాకా పోవడం గొప్పే. ఆ వర్గీకరణనే పట్టుకుని ఇప్పుడు కాళ్లు వాచిన మనిషికి లివరు మందులిచ్చి పంపితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

అపోహ: మంచి హకీం నాడి పడితే చాలు, పరీక్షలెందుకు?

చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీలో నబ్జ్, అంటే నాడి, పది లక్షణాలూ వేళ్లతో నేర్చుకున్నవాణ్నే. లయ తప్పితే తెలుస్తుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తం నెడుతోందో తెలియదు. అది 40 లోపా, 50 పైనా అన్నదాన్ని బట్టి మందులు మారతాయి. ఎకో తీయించాల్సిందే.

అపోహ: జోషాందా (మూలికల కషాయం) తాగితే ఏమైతది, ఆకులు వేర్లే కదా!

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. చలికాలంలో, పడుకోగానే దగ్గు మొదలైతే సర్ది అనుకుంటారు. బత్తాయి తోట ఉన్న ఒక పెద్దాయన అట్లాగే వచ్చాడు. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు బాబాయ్ అని అడిగితే, "మూడు పెట్టినా ఆగుతలేదు, గోడకు ఆనుకొని కూసుంటున్న" అన్నాడు. మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కి తీస్తే గుంట పడి అట్లాగే ఉంది. అది సర్ది దగ్గు కాదు, ఊపిరితిత్తుల్లోకి చేరుతున్న నీరు. చాలా జోషాందాల్లో అతిమధురం ఉంటుంది. అందులోని గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పునూ నీళ్లనూ నిలబెడుతుంది, బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. నీళ్లు తీసే ఫ్రూసమైడ్ గోలీ కూడా పొటాషియంను తగ్గించేదే. ఆపైన డిగాక్సిన్ అనే గుండె మందు వాడుతుంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ పెద్దాయనను ఆ పూటే గుండె డాక్టరు దగ్గరికి పంపాను.

అపోహ: ఖమీరాతో గుండె మళ్లీ మామూలైపోతుంది.

ఖమీరా అబ్రేషంలో పట్టుగూళ్లు పడతాయి. వాటిని కత్తెరతో సన్నగా కోసి, మరగబెట్టి, ఆ నీళ్లతో పాకం పడతారు. దడకు, దిగులుకు, నీరసానికి మూడు నుంచి ఐదు గ్రాములు ఇవ్వడం మా పద్ధతి. గుండె డాక్టరుకు చెప్పి, గోలీలకు తోడుగా నేనూ ఇస్తాను. కానీ అది చక్కెర పాకం, షుగరు ఉన్నవాళ్లు డబ్బా పట్టుకుని చెంచాతో తినేది కాదు. ఒంట్లో చేరిన నీళ్లను అది తీయదు. బిల్లా, లేబులా లేకుండా చేతిలో పెట్టే కుష్తాలు (యునానీ భస్మాలు) అసలే వద్దు, వాటిలోని లోహాలు కిడ్నీలను దెబ్బతీయగలవు.

తెల్లమద్ది చెక్క గురించి కూడా అడుగుతారు. నల్లమల వాగుల ఒడ్డున పెరిగే చెట్టే. చిన్న చిన్న అధ్యయనాలు కొన్ని ఆశ కలిగించాయి. గోలీలకు బదులు వాడుకునేంత రుజువు లేదు. సంతలో కొన్న ముక్క తెల్లమద్దో నల్లమద్దో చూపుతో తేల్చడమూ కష్టమే.

అపోహ: యునానీకి, ఇంగ్లీషు మందుకు పడదు.

1931లో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ సర్పగంధి వేరు నుంచి ఒక పదార్థాన్ని విడదీసి, పేరున్న యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అన్నారు. గుండె లయకు సంబంధించిన ఒక అరుదైన జబ్బును బయటపెట్టే పరీక్షలో దాన్ని ఇప్పటికీ వాడతారు. మూలికలోని పదార్థాన్ని కొలిచి, పరీక్షించి వాడుకున్న చోట రెండు వైద్యాలూ కలిసే నడిచాయి. మా వృత్తిలో ఉన్నవాళ్లం ఆ దారే పట్టాలని నా కోరిక.

ఇంట్లో చేయాల్సినవి: సైంధవ లవణమైనా ఉప్పే, కాబట్టి తొక్కులు, ఎండు చేపలు తగ్గించండి. పొద్దున మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. కూర్చున్నా ఊపిరాడకపోతే నాకు ఫోన్ చేయకండి, 108కి చేయండి.