సిగరెట్ ప్యాకెట్‌లో అట్టముక్క: బొమ్మల కార్డులు ఎలా పుట్టాయి

ట్రేడింగ్ కార్డులు, అంటే జనం పోగేసుకుని ఒకరితో ఒకరు మార్చుకునే బొమ్మల కార్డులు, వార్తల్లోకి వస్తే వేలం రేటు గురించే వస్తాయి. వాటి మీద ఉన్న బొమ్మల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకైతే అసలు విలువంతా అక్కడే ఉందనిపిస్తుంది.

19వ శతాబ్దం చివర్లో అమెరికాలో సిగరెట్లు పల్చటి కాగితం ప్యాకెట్లలో వచ్చేవి, నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవాళ్లు. దాని మీద బొమ్మ వేసి సెట్లుగా ఇస్తే, సెట్ పూర్తయ్యేదాకా జనం మన బ్రాండే కొంటారని కంపెనీలకి తట్టింది. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని అలెన్ అండ్ జింటర్ అనే సిగరెట్ కంపెనీ ఇందులో ముందుంది. పక్షులు, జెండాలు, బాక్సర్లు, బేస్‌బాల్ ఆటగాళ్లు, అన్నీ వేశారు.

ఆ ప్రింటింగ్ మామూలు పని కాదు. క్రోమోలితోగ్రఫీలో, అంటే రాతిపలకలతో రంగుల బొమ్మలు అచ్చువేసే పద్ధతిలో, ఒక్కో రంగుకి ఒక్కో రాతిపలక ఉండాలి, నీడలన్నీ చేత్తో చుక్కలు పెట్టి తేవాలి, ఆ రంగులన్నీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. ఇంత పనీ వేలెడంత అట్ట మీద! అయినా గీసినవాళ్ల పేర్లు చాలా కార్డుల మీద లేవు, అది నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ఇక ఎవరి బొమ్మలు వేశారో చూస్తే ఆ కాలం మొత్తం అర్థమవుతుంది. 1888లో ఇదే కంపెనీ అమెరికా ఆదివాసీ నాయకుల సెట్ తెచ్చింది, అందులో సిట్టింగ్ బుల్ కూడా ఉన్నాడు. ఒకపక్క వాళ్ల భూములు లాక్కుంటూనే ఇంకోపక్క వాళ్ల మొహాలతో సిగరెట్లు అమ్ముకున్నారు. 1890లో ఆయన్ని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులే కాల్చి చంపారు.

బ్రిటన్‌లో 1938లో విల్స్ కంపెనీ వైమానిక దాడుల జాగ్రత్తల మీద సెట్ వేసింది. ఇంట్లో ఏ గదిని ఆశ్రయంగా పెట్టుకోవాలి, విషవాయువు లోపలికి రాకుండా దాన్ని ఎలా మూసెయ్యాలి, ఇవన్నీ బొమ్మల్లోనే నేర్పారు. యుద్ధం మొదలయ్యాక కాగితం కరువొచ్చి అక్కడ సిగరెట్ కార్డులే ఆగిపోయాయి.

ఇవన్నీ చెత్తలో కలిసిపోకుండా కాపాడినవాళ్లలో జెఫర్సన్ బర్డిక్‌ని ముందు చెప్పుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రం సిరాక్యూస్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి, కీళ్లవాతంతో వేళ్లు సరిగా కదలకపోయినా 3 లక్షలకు పైగా కార్డులు, కాగితాలు పోగేసి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకి ఇచ్చేశాడు, చివరి ఏళ్లలో అక్కడే కూర్చుని ఆల్బమ్‌లలో అతికించాడు. ఏ సెట్ ఏదో చెప్పడానికి కార్డులు సేకరించేవాళ్లు ఈరోజుకీ వాడే టీ206 లాంటి నంబర్లు కూడా ఆయన కేటలాగ్‌లోవే.