సన్నగా ఉన్నవాడికి షుగరేంటి? సౌతాల్ నుంచి నెల్లూరు దాకా

నెల్లూరు, కావలి, ఒంగోలు... ఏ వీధికెళ్లినా పిల్లలు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. అక్కడ నలభై నిండని అబ్బాయికి షుగర్ అని తేలితే ఇక్కడ చుట్టాలంతా తప్పు పిజ్జాల మీదికి, కూల్‌డ్రింకుల మీదికి తోసేస్తారు. కొంత నిజమే గానీ, ఈ కథ అంతకన్నా పాతది.

లండన్‌లో పంజాబీలు ఎక్కువగా స్థిరపడిన సౌతాల్‌లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 1985లో అచ్చయింది. తెల్లవాళ్లతో పోలిస్తే మనవాళ్లలో షుగర్ దాదాపు నాలుగు రెట్లు. 1991లో అక్కడే చేసిన ఇంకో అధ్యయనం కారణం వైపు వేలు చూపింది: మనకు కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది, ఇన్సులిన్ ఒంట్లో ఉన్నా సరిగా పనిచేయదు. అంటే చూడ్డానికి సన్నగా ఉన్నంత మాత్రాన సరిపోదు.

ఇంత తెలిసినా అమెరికాలో షుగర్ టెస్ట్ ఎవరికి చేయాలన్న లెక్క చాలాకాలం బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువేనా అని చూసే అంకె) 25 దగ్గరే ఆగింది. ఐదడుగుల ఏడంగుళాల మనిషి 72 కిలోలు దాటాలన్నమాట! ఆసియా మూలాలున్నవాళ్లకు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దాన్ని 23కి, అంటే సుమారు 67 కిలోలకు దించింది 2015లో. మధ్యలో ఎంతమంది "నువ్వు బానే ఉన్నావు" అనిపించుకుని ఇంటికెళ్లి ఉంటారో.

పోనీ ఇక్కడ బాగుందా అంటే అదీ లేదు. 1970ల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వేలో పట్టణాల్లో షుగర్ 2.1 శాతం, 2023లో అదే సంస్థ అధ్యయనం ప్రకారం దేశం మొత్తమ్మీద 11.4 శాతం, పది కోట్ల పైమాటే. పద్ధతులు వేరు కాబట్టి రెండు అంకెల్నీ నేరుగా పోల్చలేం గానీ, పెరిగిందన్నది మాత్రం కాదనలేం. మూడు పూటలా తెల్లన్నం అలాగే ఉంది, పొలం పని పోయి కుర్చీ వచ్చింది. అమెరికా వెళ్లినవాడికి కుర్చీకి కారు తోడైంది, అంతే.

ఆపడం కుదురుతుందా? చెన్నైలో షుగర్ అంచున ఉన్నవాళ్లతో చేసిన ప్రయోగం 2006లో వచ్చింది. నడక, తిండిలో మార్పులతో మూడేళ్లలో ముప్పు 28.5 శాతం తగ్గింది, అదీ బరువు పెద్దగా తగ్గకుండానే. నాకు ఇందులో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఈ చివరి ముక్కే, ఎందుకంటే మనం తూకం మిషన్ చూసుకుని నిరాశపడి నడక మానేస్తాం.

2022 నుంచి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 35 ఏళ్లు నిండిన అందరికీ టెస్ట్ చేయాలంటోంది. అమ్మకో నాన్నకో షుగర్ ఉండి, బీఎంఐ 23 దాటితే అంతకన్నా ముందే. కాబట్టి ఇక్కడి పెద్దవాళ్లు తమ షుగర్ సంగతి "పిల్లలకు టెన్షన్ ఎందుకులే" అని దాచకుండా ఫోన్లో చెప్పేస్తే, అక్కడి డాక్టరు అడిగినప్పుడు చెప్పడానికి వాళ్ల దగ్గర సమాధానం ఉంటుంది.