చాక్లెట్ తింటే రక్తం పడుతుందా?

తిరుపతి

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

"డార్క్ చాక్లెట్‌లో ఐరన్ ఉంటుందంట, తింటే రక్తం పడుతుందా తాతా?" అని మొన్న ఫోన్లో అడిగారు. రెండు మాటల్లో తేల్చేసే ప్రశ్న కాదని ఈ ఉత్తరం రాస్తున్నా.

చాక్లెట్‌లో ఒంటికి మేలు చేసేది ఏదైనా ఉందంటే, అది ఎక్కువగా కోకో గింజ నుంచి వచ్చిందే. ఆ చెట్టు మన రాష్ట్రంలోనూ ఉంది. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల నీడలో పెంచుతారు. గింజల్ని కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తారు. పచ్చి గింజ చేదు. ఆ చేదులోనే ఫ్లావనాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ అందితే రక్తనాళాలు బిరుసెక్కకుండా ఉండటానికి సాయపడతాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2012లో ఒప్పుకుంది. కాకపోతే పులియబెట్టి వేయించేటప్పుడు కొంత పోతాయి. చేదు తగ్గించడానికి కోకోకు క్షారం పట్టిస్తే చాలావరకు పోతాయి.

ఇక మీరడిగిన ఐరన్. కోకో 70 నుంచి 85 శాతం ఉన్న డార్క్ చాక్లెట్ 100 గ్రాముల్లో దాదాపు 12 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మిల్క్ చాక్లెట్‌లో రెండు మిల్లీగ్రాములు దాటితే గొప్ప, బరువులో సగం చక్కెరే. తెల్ల చాక్లెట్‌లో కోకో వెన్న, అంటే గింజలోని కొవ్వు తప్ప కోకో పొడి ఉండదు, కాబట్టి ఐరన్ లెక్కే వద్దు.

12 అంటే చాలా ఎక్కువే కదా అంటారు. కానీ ఆ 100 గ్రాముల్లో 600 క్యాలరీలు, 40 గ్రాములకు పైగా కొవ్వు ఉంటాయి. అంత ఎవరు తింటారు, ఎందుకు తినాలి? పైగా గింజల్లోని ఐరన్ ఒంటికి తక్కువగా పడుతుంది. కోకోలో ఉండే పాలీఫినాల్స్ (ఫ్లావనాల్స్ కూడా ఆ జాతివే) దాన్ని ఇంకా అడ్డుకుంటాయి. అందుకని రక్తం కోసం చాక్లెట్‌ను నమ్ముకోకండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, ఆ పులుపులోని సి విటమిన్ ఐరన్ పట్టడానికి సాయం చేస్తుంది. మాంసం తినేవాళ్లకు మేక కార్జం ఉండనే ఉంది. రక్తం తక్కువుందని డాక్టర్ మాత్రలిస్తే మాత్రం మానకూడదు.

డార్క్ చాక్లెట్‌లో మెగ్నీషియం కూడా బాగానే ఉంటుంది, 100 గ్రాములకు 230 మిల్లీగ్రాముల దాకా. మన చిత్తూరు చేలల్లో పండే శెనక్కాయల్లో దానికి మరీ తక్కువేమీ కాదు. పైగా వాటి బరువులో నాలుగో వంతు ప్రొటీన్. అవ్వ చేసే శెనక్కాయ ఉండలు నాకు అందుకే ఇష్టం. బెల్లమూ తీపే, అందుకని ఒకటి చాలు.

చాక్లెట్ తినొద్దని చెప్పను. ఇష్టంగా ఒక ముక్క తినండి. కొనేముందు కాగితం వెనక చదవండి. అక్కడ బరువులో ఎక్కువున్నదాని పేరే ముందు రాస్తారు. మొదటి పేరు చక్కెర అయితే మీరు కొంటున్నది ముఖ్యంగా చక్కెరే. రాత్రి పడుకునే ముందు డార్క్ చాక్లెట్ వద్దు, అందులో కెఫీన్ ఉంటుంది.

వీధిలో తిరిగే కుక్కపిల్లకు ముద్దుగా కూడా చాక్లెట్ పెట్టకండి. కోకోలో ఉండే థియోబ్రోమిన్‌ను మన ఒళ్లు తొందరగా అరిగించుకుంటుంది, కుక్కకు అది చేతకాదు. వాంతులు, వణుకు, గుండెదడ వచ్చి చచ్చిపోవచ్చు కూడా. పొరపాటున తిన్నదని తెలిస్తే ఆలస్యం చేయకుండా పెద్దవాళ్లకు చెప్పి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లమనండి.

మీ
తాత