విండోస్ అప్‌డేట్ పడితే యాంటీవైరస్ ఎందుకు పోతుంది? ముప్పై ఏళ్ల తగాదా

విండోస్‌కి పెద్ద అప్‌డేట్ పడుతుంది. సిస్టమ్ మళ్లీ ఆన్ అయ్యాక చూస్తే డబ్బు పెట్టి వేయించుకున్న యాంటీవైరస్ ఉండదు. దాని స్థానంలో మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ కాపలా కాస్తూ కనిపిస్తుంది. పాతదేమైందని అడిగితే కొత్త వెర్షన్‌కి అది సరిపడలేదన్న సమాధానం వస్తుంది. 2016 నవంబర్‌లో రష్యా యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ ఈ విషయం మీదే తమ దేశపు పోటీ నియంత్రణ సంస్థ గడప ఎక్కింది. సరిపడలేదని తేల్చేది కూడా తన సొంత సరుకు పెట్టుకున్న కంపెనీయే కదా అన్నది దాని వాదన. ఫిర్యాదు చేసినవాళ్లు కొత్తే గానీ ఫిర్యాదు కొత్తది కాదు. దీని మొదలు వెతకాలంటే, కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్)గా డాస్ ఉన్న రోజులకు వెళ్లాలి.

అప్పట్లో విండోస్ సొంత కాళ్ల మీద నిలబడేది కాదు. కింద డాస్ ఉంటేనే నడిచేది. ఆ డాస్ మైక్రోసాఫ్ట్‌దే అయి ఉండాలని లేదు. గ్యారీ కిల్డాల్ స్థాపించిన డిజిటల్ రీసెర్చ్ వాళ్ల డీఆర్-డాస్ కూడా గట్టి పోటీలో ఉండేది. 1991 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ 3.1 బీటాని పరీక్షించేవాళ్లకు పంపింది. డీఆర్-డాస్ మీద దాన్ని వేస్తే తెర మీద ఒక ఎర్రర్ నంబరు, బీటా సపోర్ట్‌ని సంప్రదించండి అన్న మాట వచ్చేవి. ఎర్రరేమో కొంపలు ముంచేది కాదని ఆ సందేశంలోనే ఉంది. ఎంటర్ నొక్కితే బయటికి, సి నొక్కితే ముందుకి. సి నొక్కినవాళ్లకు పని సాగిపోయేది.

1993లో ఆండ్రూ షుల్మాన్ అనే ప్రోగ్రామర్ ఆ ఎర్రర్ చూపించే కోడ్‌ని విప్పి చూసి డాక్టర్ డాబ్స్ జర్నల్ అనే ప్రోగ్రామర్ల పత్రికలో రాశాడు. కోడ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టారు. ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతోందో చూపే డీబగ్గర్‌తో తొంగి చూస్తే అంతు చిక్కకుండా ఏర్పాట్లు కూడా చేశారు. ఇంతా చేసి అది చేసే పని ఒక్కటే, కింద ఉన్నది అసలైన ఎంఎస్-డాసేనా అని చూడటం. నిజంగానే సరిపడని విషయం ఉంటే ఇంత దాచిపెట్టడం దేనికి? అమ్మకానికి వచ్చిన 3.1లోనూ ఆ కోడ్ ఉంది, కాకపోతే పనిచేయకుండా ఆపేసి ఉంచారు.

డీఆర్-డాస్ చేతులు మారి 1996లో కాల్డెరా అనే కంపెనీకి చేరింది. ఆ కంపెనీ మైక్రోసాఫ్ట్ మీద కోర్టుకెక్కింది. కేసులో బయటపడ్డ మైక్రోసాఫ్ట్ ఈమెయిల్స్‌లో ఒకదాని సారాంశం ఇది: వాడేవాడికి ఏదో ఇబ్బందిగా అనిపించాలి, తేడా వచ్చినప్పుడల్లా డీఆర్-డాస్ మీద అనుమానం పడాలి, పోయి ఎంఎస్-డాస్ కొనుక్కోవాలి. 2000 జనవరిలో కేసు రాజీ అయింది. ఎంత ఇచ్చారన్నది 2009లో గానీ బయటికి రాలేదు. 28 కోట్ల డాలర్లు.

ఈలోగా ఓఎస్‌తో పాటు ఉచితంగా వచ్చే సామాను పెరుగుతూ పోయింది. 1993లో ఎంఎస్-డాస్ 6తోనే యాంటీవైరస్ వచ్చింది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది, పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్ కుదేలైంది. ఆ కథ చాలామందికి తెలిసిందే. 1998 మే నెలలో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది, 2000 జూన్‌లో కంపెనీని రెండుగా చీల్చమని జడ్జి జాక్సన్ ఆదేశించారు, 2001లో అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అయితే ఆ అప్పీలు తీర్పులో జనం అంతగా పట్టించుకోని ముక్క ఒకటుంది. విండోస్ 98లో ప్రోగ్రాములు తీసేసే జాబితా నుంచి ఎక్స్‌ప్లోరర్ పేరునే తప్పించడం పోటీని అణచడమేనని కోర్టు తేల్చింది. అంటే ఉచితంగా ఇవ్వడం ఒక్కటే గొడవ కాదు, వద్దనుకున్నవాడికి తీసే దారి లేకుండా చేయడం కూడా గొడవే.

యూరప్ వాళ్లు ఇంకో దారి పట్టారు. ఏ బ్రౌజర్ కావాలో జనమే ఎంచుకునే తెర పెట్టాలని 2009 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ చేత ఒప్పించారు. విండోస్ 7 మొదటి సర్వీస్ ప్యాక్ వచ్చాక ఆ తెర మాయమైంది. 2011 మే నుంచి 2012 జూలై దాకా దాదాపు కోటిన్నర మందికి అది కనపడనే లేదు. సాంకేతిక పొరపాటు అని కంపెనీ చెప్పుకుంది. యూరోపియన్ కమిషన్ 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. అప్‌డేట్‌లో జారిపోయిన ఒక్క తెర ఖరీదు అది.

ఇక యాంటీవైరస్ దగ్గరికి వద్దాం. చిక్కంతా ఇక్కడే. బ్రౌజర్ పాడైతే అదొక్కటే ఆగుతుంది. యాంటీవైరస్ అలా కాదు, ఓఎస్ గుండెకాయ అయిన కెర్నెల్ దాకా చొరబడి కూర్చుంటుంది. అందువల్ల అది నిజంగానే విండోస్‌తో పడక మొత్తం సిస్టమ్‌ని కూల్చేసే ప్రమాదం ఉంది. 2018 జనవరిలో ప్రాసెసర్లలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే లోపానికి ప్యాచ్ వచ్చినప్పుడు కొన్ని యాంటీవైరస్‌ల వల్ల సిస్టమ్ కూలిపోయి నీలి తెరలు వచ్చాయి. దాంతో మైక్రోసాఫ్ట్ ఒక షరతు పెట్టింది. తమది సరిపడుతుందని యాంటీవైరస్ కంపెనీ విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో ఒక గుర్తు పెడితేనే భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఆ గుర్తు లేని కంప్యూటర్లకు కొన్ని వారాలు భద్రతా అప్‌డేట్లేవీ అందలేదు. షరతులో న్యాయం ఉంది, నష్టపోయింది మాత్రం ఇంట్లో కంప్యూటర్ వాడుకునేవాడు.

2006లో విండోస్ విస్టా సమయానికి కూడా ఇదే పేచీ. 64 బిట్ విండోస్‌లో కెర్నెల్‌ని ఎవరూ మార్చకుండా ప్యాచ్‌గార్డ్ అనే అడ్డుగోడ కట్టారు. యాంటీవైరస్ కంపెనీలు సిమాంటెక్, మెకాఫీ లబోదిబోమన్నాయి. మెకాఫీ ఫైనాన్షియల్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేసింది. భద్రత కోసం గోడ కట్టడం మంచిదే, కానీ అదే ఏడాది మే నెలలో మైక్రోసాఫ్ట్ వన్‌కేర్ పేరుతో తన సొంత యాంటీవైరస్‌ని డబ్బులకు అమ్మడం మొదలుపెట్టింది. గోడ కట్టినవాడే పక్కన కొట్టు తెరిచాడు. అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ కొంత దిగొచ్చి, గోడకి అధికారిక ద్వారాలు పెడతానంది.

కాస్పర్‌స్కీ ఫిర్యాదులో నాకు గట్టిగా అనిపించే అంశం గడువు. ఓఎస్ తుది రూపం చేతికిచ్చి, జనంలోకి వదిలే ముందు తమ సరుకుని సరిచూసుకోవడానికి చాలినన్ని రోజులు ఇవ్వడం లేదని ఆ కంపెనీ అంది. గడువు చాలకపోతే సరిపడకపోవడం ఎలాగూ ఖాయం. 2017 జూన్‌లో ఫిర్యాదు యూరోపియన్ కమిషన్ దాకా వెళ్లింది. అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఒక మాట ఒప్పుకుంది. విండోస్ 10కి వచ్చిన పెద్ద అప్‌డేట్ అయిన క్రియేటర్స్ అప్‌డేట్ పడేటప్పుడు, సరిపడని యాంటీవైరస్‌లలో కొన్ని భాగాలను తాత్కాలికంగా ఆపేసే ఏర్పాటు ఉందని. విండోస్ 10 కంప్యూటర్లలో దాదాపు 95 శాతానికి ఆ ఇబ్బందే లేదనీ చెప్పింది. ఆగస్టులో రాజీ కుదిరింది. యాంటీవైరస్ కంపెనీలకు గడువు పెరిగింది, తమ నోటీసులు తామే చూపించుకునే వీలు వచ్చింది, కాస్పర్‌స్కీ ఫిర్యాదులు వెనక్కి తీసుకుంది.

కొసరుగా ఒక సంగతి. 2024లో అమెరికా కాస్పర్‌స్కీ అమ్మకాలను నిషేధించింది. సెప్టెంబర్‌లో అక్కడి కంప్యూటర్లలో ఆ సాఫ్ట్‌వేర్ తనను తానే తీసేసుకుని, అల్ట్రాఏవీ అనే మరో యాంటీవైరస్‌ని దించి పోయింది. ముందే ఈమెయిల్ పంపామని కంపెనీ అంది. లేచి చూసేసరికి తెలియని ప్రోగ్రామ్ కనపడి హడలిపోయినవాళ్లు బోలెడుమంది.

అదే ఏడాది జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో పాసు ఒకటి దేశమంతా తిరిగింది. ఈసారి తప్పు విండోస్‌ది కాదు. బయటి కంపెనీలకు కెర్నెల్ దాకా దారి ఇవ్వాల్సి వచ్చింది 2009లో యూరప్‌తో కుదిరిన ఒప్పందం వల్లేనని మైక్రోసాఫ్ట్ గుర్తుచేసింది. తలుపు మూసి తన డిఫెండర్‌ని మాత్రం లోపల ఉంచుకుంటే ఊరుకోవద్దని ఇంటర్నెట్ భద్రతా కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ అధిపతి మాథ్యూ ప్రిన్స్ లాంటివాళ్లు వెంటనే హెచ్చరించారు.

ఏడాది తర్వాత, 2025 జూలైలో, యాంటీవైరస్‌లు కెర్నెల్ బయటే ఉండి పనిచేసే కొత్త ఏర్పాటుని మైక్రోసాఫ్ట్ కొన్ని భద్రతా కంపెనీలకు పరీక్షకు ఇచ్చింది. ఆ నియమం డిఫెండర్‌కి ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీదే తర్వాతి ఫిర్యాదు ఉంటుందో లేదో ఆధారపడి ఉంది.