కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు: ‘బాంబుల బండి’ ఆటపై అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడిలో నాకు కంప్యూటర్ల రిపేరు దుకాణం ఉంది. దాని వెనుక గదిలో నాలుగు సీట్ల గేమ్ సెంటరు కూడా నడుపుతున్నాను. ముందు గదిలోకి పెద్దవాళ్లు పాడైన యంత్రాలను మోసుకుని వస్తారు. వెనుక గదిలోకి పిల్లలు గంటకింత అని చెల్లించి ఆడుకోవడానికి వస్తారు. ఈ రెండు గదుల మధ్య కూర్చునే నన్ను ఊళ్లోవారే కాక అటు పాతపట్నం నుంచి, ఇటు గుణుపురం నుంచి వచ్చేవారు కూడా ఒకే ప్రశ్న అడుగుతుంటారు: “స్ప్లిట్ సెకండ్ ఆట సాఫీగా రావడం లేదు, ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించమంటారు?” ఏ కార్డూ వద్దంటే నమ్మరు. పని తెలియకనో, బద్ధకం వల్లనో అలా అంటున్నానని అనుకుని ఇంకో దుకాణానికి వెళ్లి డబ్బు పోసి వస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆట తెలియనివారు ఈ టపా చదవరు కనుక పరిచయం రెండు ముక్కల్లో ముగిస్తాను. బ్రైటన్‌లోని బ్లాక్ రాక్ స్టూడియో తయారుచేయగా 2010లో విడుదలైన కార్ల పందెం ఇది. టీవీ కార్యక్రమం కోసమని కల్పించిన నగరంలో పందెం నడుస్తుంది. మలుపుల్లో కారును పక్కకు జారించి (డ్రిఫ్ట్), ముందు కారు వెనుక గాలి చాటున నడిపి, ఎత్తు మీది నుంచి దూకించి మీటరు నింపుకుంటే, బటన్ నొక్కి దారినే పేల్చవచ్చు. విమానాశ్రయంలో విమానం వచ్చి రన్‌వే మీద కూలుతుంది, విద్యుత్ కేంద్రంలో కూలింగ్ టవరు ఒరిగి పడుతుంది. ఆటలో వీటి పేరు పవర్ ప్లే. ఆ మాట వినగానే మా పిల్లలకు క్రికెట్ గుర్తుకు వస్తుంది కనుక వాళ్లు దాన్ని పక్కన పెట్టి, ఆట మొత్తానికి ‘బాంబుల బండి’ అని పేరు పెట్టుకున్నారు.

అపోహ: ఆట కుదుపులుగా కనిపిస్తోందంటే గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మలను గీసే భాగం) చాలడం లేదన్నమాట.

వాస్తవం: ఈ ఆట కంప్యూటరు కూర్పును సెకనుకు 30 ఫ్రేముల (అంటే 30 బొమ్మల) దగ్గర ఆగేలా తయారీదారులే బిగించారు. మీ దగ్గర ఉన్నది నాలుగు వేల కార్డైనా నలభై వేల కార్డైనా అది ఆ గీత దాటి వెళ్లదు. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కొక్క బొమ్మ తెర మీద సుమారు 33 మిల్లీసెకన్ల సేపు నిలిచి ఉంటుంది. 60 ఫ్రేముల ఆటలో అందులో సగం సేపే ఉంటుంది. రోజంతా 60 ఫ్రేముల ఆటలు ఆడిన కన్ను దీన్ని చూడగానే ఏదో పట్టేస్తున్నట్టు, బండి బరువెక్కినట్టు అనిపించడం సహజమే. ఆ అనుభూతి నిజమైనదే అయినా, అది యంత్రానికి పట్టిన జబ్బు మాత్రం కాదు. మానిటరు మార్చినా ప్రయోజనం ఉండదు: సెకనుకు 60 సార్లు తెరను తిరగరాసే 60 హెర్ట్జ్ మానిటరు అదే బొమ్మను రెండేసి సార్లు చూపిస్తుంది, 144 హెర్ట్జ్ మానిటరు నాలుగైదు సార్లు చూపిస్తుంది, కొత్త బొమ్మ మాత్రం ఎక్కడి నుంచీ రాదు.

ఎందుకు బిగించారన్నది కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఏదో లోపమన్న అనుమానం మిగిలిపోతుంది. ఈ ఆటను మొదట 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360, 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 వంటి, టీవీకి తగిలించి ఆడే పెట్టెల మీద నడవడానికి రూపొందించారు. వాటిలో మొత్తం మెమొరీ 512 మెగాబైట్లు. ఈనాడు చేతిలోని చవక ఫోనులో కూడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత చిన్న పెట్టెలో ఎనిమిది కార్లు దూసుకుపోతుండగా ఒక టవరు ముక్కలై, దుమ్ము లేచి, నిప్పురవ్వలు ఎగసి, దారి రూపమే మారిపోవాలంటే ఎక్కడో ఒకచోట పొదుపు చేయక తప్పదు. సెకనుకు గీయవలసిన బొమ్మల సంఖ్యను తగ్గించుకుని, ఒక్కొక్క బొమ్మలో ఎక్కువ విధ్వంసం నింపారు. కంప్యూటరు కూర్పుకు కూడా అదే కొలత వచ్చింది.

“ఆ 30 ఫ్రేముల తాళం విప్పే ఫైలు దొరుకుతుందట కదా” అని అడిగేవారికి ఒక మాట. ఫ్రేములతో ముడిపెట్టి కాలాన్ని లెక్కించే ఆటలో తాళం విప్పితే బొమ్మ నున్నబడటానికి బదులు ఆటే వేగంగా పరుగెత్తుతుంది. 2013లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్ అనే మరో కార్ల పందెం ఆటను కూడా 30 ఫ్రేములకే బిగించారు. దాన్ని బలవంతంగా 60కి తీసుకువెళ్లినవారికి కార్లన్నీ రెట్టింపు వేగంతో ఉరకడం కనిపించింది. ఎవరో తెలియనివారు ఇచ్చిన ఫైలును ఆట ఫోల్డరులో పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ అపోహకు మా ఊళ్లో ఒకాయన చెల్లించిన ధరను నా కళ్లతో చూశాను. ఆయన పశువుల కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చెక్కే పనివాడు. పర్లాకిమిడి కొమ్ము పని గురించి తెలిసినవారికి ఆ పనిలో రూపాయి ఎంత మెల్లగా వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కొడుకు పోరు పడలేక ఇంకో ఊరి దుకాణంలో 8,700 రూపాయలు పెట్టి గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. ఆ కార్డుకు అదనంగా ఆరు పిన్నుల కరెంటు తీగ కావాలి, పాత ఎస్ఎంపీఎస్‌లో (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టెలో) అది లేదు. కార్డును గుచ్చే స్లాటు ఇచ్చే 75 వాట్లు ఆ కార్డుకు చాలవని చెప్పి, అదే దుకాణంవారు మరో 2,500 రూపాయలకు కొత్త ఎస్ఎంపీఎస్ కూడా అంటగట్టారు. అంతా బిగించి ఇంటికి తెచ్చాక ఆట మునుపటిలాగే ఉంది. కేబినెట్‌ను తువ్వాలులో చుట్టుకుని నా బల్ల మీద పెట్టి, “అదేటి బాబూ, కొత్త కార్డేసినా పాత లాగే ఉందని గుంటడు ఏడుస్తన్నాడు. నేను మోసపోనానా?” అని అడిగాడు.

“ముందు విప్పి చూద్దాం మావయ్యా” అన్నాను. పక్క రేకు తీసేసరికి కొత్త కార్డు తళతళలాడుతోంది. దాని పైన, ప్రాసెసరు ఫ్యాను కింద వేడిని లాగేసే రెక్కల లోహపు దిమ్మె, అంటే హీట్ సింకు మాత్రం కనబడటమే లేదు. రెక్కల సందుల్లో బూడిద రంగు పొడి పిండిలా అణిగిపోయి, వేలితో గీస్తే గీత పడింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడెక్కిన కొమ్ము వాసన వచ్చింది. ఆయన ఆకురాయితో కొమ్ము అరగదీసే గదిలోనే, నేల మీద, ఆ కంప్యూటరు మూడేళ్లుగా ఉందట. ఆట పెట్టి చూస్తే మొదటి రెండు నిమిషాలు ఫ్రేములను లెక్కించే మీటరు 30 మీద కదలకుండా నిలిచింది. తరువాత ప్రాసెసరు 94 డిగ్రీలకు చేరి, కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది. టవరు కూలే చోట ఫ్రేములు 18కి పడిపోయాయి. బ్రష్షుతో, బ్లోయరుతో పొడి అంతా వదిలించి, ప్రాసెసరు వేడిని హీట్ సింకుకు చేర్చే, ఎండి పెచ్చులు కట్టిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాను. అదే టవరు అదే చోట కూలినా ఈసారి 30 చెక్కుచెదరలేదు. తరువాత కొత్త కార్డు తీసేసి పాతది పెట్టి చూపించాను. అప్పుడు కూడా 30 ఉంది. ఆయన చాలాసేపు ఆ అంకెనే చూస్తూ ఉండిపోయాడు. పెట్టె విప్పిన సరుకును వెనక్కి తీసుకునేది లేదని ఆ దుకాణంవారు అన్నారు. చివరికి కార్డు సగం ధరకు వేరేవారికి అమ్ముడుపోయింది.

కాబట్టి కొనేముందు చేయవలసిన పరీక్ష ఇది. ఆటలు కొని ఆడుకునే స్టీమ్ యాప్ సెట్టింగుల్లో ఫ్రేముల మీటరు ఉంటుంది, దాన్ని తెరిచి పెట్టుకుని ఆడండి. అంకె 30 దగ్గర నిలకడగా ఉంటే మీ యంత్రం చేయవలసినదంతా చేస్తోంది, జేబులో చేయి పెట్టకండి. పేలుళ్లప్పుడు మాత్రమే పడిపోతుంటే, లేదా ఆడగా ఆడగా పడిపోతుంటే, మొదట దుమ్ము, వేడి చూడాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు పెట్టి ఉందో లేదో, ఆట విడి గ్రాఫిక్స్ చిప్ మీద నడుస్తోందో లేక ప్రాసెసరులోనే కలిసి ఉన్న చిన్న చిప్ మీద నడుస్తోందో చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి, మొదటి నిమిషం నుంచే 30కి చేరకపోతేనే కార్డు ఊసు ఎత్తాలి. అలాంటిది నా బల్ల మీదికి వచ్చే పది యంత్రాల్లో ఒకటి కూడా ఉండదు.

ఇక ఈ ఆటపై మిగిలిన అపోహల గురించి త్వరగా చెబుతాను.

పేలుళ్లన్నీ అదృష్టం మీద ఆధారపడతాయని ఓడిన ప్రతి పిల్లవాడూ అంటాడు. ఏ ట్రాకులో ఏది ఎక్కడ కూలుతుందన్నది ముందే నిర్ణయమై ఉంటుంది, కూలే తీరు కూడా ప్రతిసారీ ఒకటే. ఎదుటి కారు ఆ ప్రమాదం పరిధిలోకి వచ్చినప్పుడు దాని నెత్తిన గుర్తు వెలుగుతుంది. గుర్తు కనబడగానే నొక్కేవాడికి దెబ్బ తరచు తప్పిపోతుంది, వెనుకే వస్తున్న తానే శిథిలాల్లో చిక్కుకోవడమూ జరుగుతుంది. పవర్ ప్లే మీటరు పూర్తిగా నిండితే తప్ప దారినే మార్చే పెద్ద పేలుడు అందదు కనుక, చిన్నవాటికి తొందరపడి ఖర్చు చేసేవాడు చివరి ల్యాపులో వట్టి చేతులతో ఉంటాడు. మా సెంటరులో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మొదటి ల్యాపు అంతా ఒక్క బటనూ నొక్కకుండా ఆడి, తనకంటే పెద్దవాళ్లందరినీ ఓడిస్తుంది.

బాంబుల ఆట ఆడితే పిల్లలు పాడైపోతారన్న భయం మీద నేను విసుక్కోలేను. మన ఏజెన్సీ రోడ్ల మీద మందుపాతరలు పేలిన రోజులను గుర్తుంచుకున్న పెద్దవాళ్లకు, గదిలో నుంచి ఆ శబ్దం వినిపిస్తే గుండె జారడంలో తప్పేమీ లేదు. అలాంటివారిని లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టి చూపిస్తాను. ఇందులో తుపాకీ పట్టుకున్న మనిషి ఉండడు, రక్తం కనిపించదు, నలిగిపోయిన కారు క్షణంలో మళ్లీ దారి మీదికి వస్తుంది. ఆటలు ఏ వయసువారికి తగినవో చెప్పే అమెరికా వర్గీకరణ సంస్థ దీన్ని పదేళ్లు, ఆపై వయసువారికి తగినదిగా గుర్తించింది. ఎంతసేపు ఆడాలన్నది వేరే ప్రశ్న, దానికి నా గోడ గడియారం చాలు: ఒక్కొక్కరికి గంట దాటనివ్వను.

మెరుపుల వల్ల మూర్ఛ వస్తుందా అని ఒక తల్లి అడిగారు. ఈ ఆట ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి మూర్ఛ జబ్బు తెచ్చిపెట్టదు. కానీ వేగంగా మెరిసే వెలుగుకు స్పందించే తత్వం ఉన్న కొందరిలో ఫిట్స్‌ను రేపగలదు. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక కార్టూన్ ప్రసారంలోని ఎరుపు, నీలం మెరుపులకు వందలాది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. పిల్లవాడికి ఇదివరకు ఒక్కసారైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరును అడిగిన తరువాతే నా దగ్గరికి పంపండి. మిగిలినవారు కూడా గదిలో దీపం వేసుకుని, తెరకు దూరంగా కూర్చుని ఆడాలి.

రెండో భాగం వచ్చిందన్న పుకారు మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. మొదటి ఆట చివర ‘ఇంకా ఉంది’ అని పడే మాట చూసి, ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో లింకు తిప్పుతారు. ఆ ఆటను తయారుచేసిన స్టూడియో 2011లోనే మూతపడింది, రెండో భాగం వెలువడనే లేదు. లేని ఆట పేరుతో దిగే ఫైలులో ఇంకేముంటుందో ఊహించుకోవచ్చు. “యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి” అన్న సూచనను నమ్మిన ఒక జిరాక్సు దుకాణం కుర్రాడి యంత్రంలో తెల్లారేసరికి ప్రతి ఫైలు పేరు చివరా కొత్త తోక మొలిచి, ఏదీ తెరుచుకోకుండా ఉంది, డబ్బు చెల్లించమన్న చీటీ ప్రతి ఫోల్డరులోనూ ఉంది. వాళ్ల అక్క పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయి, వేరే ఎక్కడా నకలు లేదు. నేను విండోస్ తిరిగి ఎక్కించి ఇచ్చాను కానీ ఫోటోలు తిరిగి ఇవ్వలేకపోయాను.

ఆట కుదుపుల గురించి నా దగ్గరికి యంత్రం తీసుకువచ్చేవారికి ఒక విన్నపం. ల్యాప్‌టాప్ తెస్తే దాని ఛార్జరు కూడా సంచిలో పెట్టుకు రండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలా ల్యాప్‌టాపులు గ్రాఫిక్స్ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఛార్జరు లేకుండా తెస్తే అసలు కారణం కనిపించక మిమ్మల్ని మళ్లీ రేపు రమ్మనవలసి వస్తుంది. గుణుపురం నుంచి వచ్చేవారికి అది రెండు పూటల ప్రయాణం.