థ్రాష్ మెటల్ నుంచి యూరోవిజన్ దాకా: టర్కీ బ్యాండ్ అథీనా వెనక కథ

ప్రతి ఏటా మే నెలలో, యూరప్ దేశాలు తలా ఒక పాటతో తలపడే యూరోవిజన్ పోటీ జరిగినప్పుడల్లా టర్కీలో అదే చర్చ మళ్లీ మొదలవుతుంది. మనం ఎప్పుడు తిరిగి వెళ్తాం? 2012 తర్వాత ఆ దేశం పోటీలో లేదు. చర్చ వచ్చినప్పుడు జనం గుర్తు చేసుకునే పేర్లలో అథీనా ఒకటి. 2004లో సొంత గడ్డ మీద జరిగిన పోటీలో టర్కీ తరఫున పాడింది ఈ బ్యాండే. జమైకాలో పుట్టిన స్కా సంగీతాన్ని, వ్యవస్థను ధిక్కరించే వేగవంతమైన పంక్ రాక్‌తో కలిపి వాయించే కుర్రాళ్లను ప్రభుత్వ ప్రసార సంస్థ ఏరికోరి పంపించడం మామూలు విషయం కాదు. అది ఎలా కుదిరిందో తెలియాలంటే ఇంకో పదిహేడేళ్లు వెనక్కి వెళ్లాలి.

బ్యాండ్ మొదలైంది 1987లో, ఇస్తాంబుల్‌లో. పెట్టింది గోఖాన్, హకాన్ ఓజోవుజ్ అనే కవల అన్నదమ్ములు. ఇద్దరూ 1976లో పుట్టారు, అంటే అప్పటికి ఇంకా బడి పిల్లలే. 1980 సెప్టెంబర్ 12 సైనిక కుట్ర తర్వాత టర్కీలో రాక్ సంగీతం బాగా దెబ్బతింది. టర్కీ జానపద బాణీలను రాక్‌తో కలిపే అనటోలియన్ రాక్‌లో పెద్ద పేరున్న జెమ్ కరాజా జర్మనీలో ప్రవాసం గడిపి, 1987లోనే స్వదేశానికి తిరిగొచ్చాడు. పాత తరం అలా చెల్లాచెదురైన కాలంలో పెరిగిన పిల్లలకు హెవీ మెటల్ దొరికింది. ఓజోవుజ్ సోదరులూ ఆ దారే పట్టారు. 1993లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘వన్ లాస్ట్ బ్రెత్’ పక్కా థ్రాష్ మెటల్ (హెవీ మెటల్‌లో బాగా వేగంగా, కరకుగా ఉండే రకం), అదీ ఇంగ్లీషులో. ఆ సంగీతానికి ప్రాణమిచ్చే శ్రోతలు ఉన్నారు గానీ, వాళ్ల లోకం చిన్నది.

ఆ తర్వాతి ఐదేళ్లలో జరిగిన మార్పే అసలు కథ. 1998లో ‘హోలిగాన్’ ఆల్బమ్ వచ్చేసరికి థ్రాష్ పోయింది, పాటలు టర్కిష్‌లోకి వచ్చాయి, గిటార్ పక్కన ట్రంపెట్లు చేరాయి. స్కా అంటే ఏంటో తెలియనివాళ్లకు ఒక్క మాట: తాళం దెబ్బ పడే చోట కాకుండా, రెండు దెబ్బల మధ్య ఉండే ఖాళీలో గిటార్‌ను చటుక్కున చరుస్తారు. వింటుంటే కాళ్లు ఊరుకోవు. 1962లో జమైకాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అక్కడ ఊగిపోయిన సంగీతం ఇది. కరీబియన్ వలసదారులతో బ్రిటన్ చేరింది. 1970ల చివర్లో కోవెంట్రీ నగరంలో నల్ల, తెల్ల కుర్రాళ్లు కలిసి దానికి పంక్ వేగం ఎక్కించారు. 1990ల మధ్యకి అమెరికాలో స్కా పంక్ పెద్ద ఫ్యాషన్ అయింది. ఇస్తాంబుల్‌లో వలస జమైకన్లూ లేరు, కోవెంట్రీ లాంటి ఫ్యాక్టరీ నేపథ్యమూ లేదు. ఆ మూడో అల దూరం నుంచే వాళ్లను తాకింది.

మరి అంత దూరపు సంగీతం అక్కడ ఎందుకు అతుక్కుంది? నాకు తోచే సమాధానం ఫుట్‌బాల్. ఇస్తాంబుల్ స్టేడియంలలో వేల మంది ఒకే గొంతుతో అరుస్తూ పాడడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ‘హోలిగాన్’ అన్న పేరే గ్యాలరీల్లో గొడవచేసే వీరాభిమానిది. అందరూ కలిసి అరవడానికి వీలైన పల్లవి, తోడుగా బాకాలు ఉంటే చాలు, ఆ జనానికి వేరే పరిచయం అక్కర్లేదు. ఇంకో కారణం టీవీ. 1990లో జర్మనీ నుంచి ఉపగ్రహం ద్వారా ప్రసారమైన ప్రైవేటు ఛానల్ ప్రభుత్వ సంస్థ టీఆర్‌టీ గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టింది. 1993లో రాజ్యాంగాన్ని సవరించి ప్రైవేటు ప్రసారాలను చట్టబద్ధం చేశారు. కొత్త ఛానళ్లకూ, ఎఫ్ఎంలకూ రోజంతా పాటలు కావాలి. ఆ ఊపులో పాప్ సంగీతమే ఎక్కువ లాభపడినా, రాక్ బ్యాండ్లకీ కొంత చోటు దొరికింది.

2000లో ‘తమ్ జమానీ షిమ్ది’, 2002లో ‘హెర్ షెయ్ యోలుండా’ ఆల్బమ్‌లు వచ్చాయి. మధ్యలో 2001లో వచ్చిన ఒక పాట మాత్రం బ్యాండ్‌ను ఇంటింటికీ తీసుకెళ్లింది. ఆ ఏడాది యూరప్ దేశాల బాస్కెట్‌బాల్ టోర్నీ యూరోబాస్కెట్ టర్కీలో జరిగింది. జాతీయ జట్టు కోసం అథీనా ‘12 దేవ్ ఆదమ్’, అంటే పన్నెండు మంది మహాకాయులు, అనే పాట చేసింది. జట్టు ఫైనల్ దాకా వెళ్లి యుగోస్లావియా చేతిలో ఓడిపోయింది. అయినా ఆ పేరు జట్టుకు మారుపేరుగా మిగిలిపోయింది. నిన్నటి మెటల్ కుర్రాళ్లు ఇలా జాతీయ జట్టు గొంతు అయ్యారు. పంక్‌ను కచ్చితంగా కొలిచేవాళ్లకు ఇది మింగుడుపడకపోవచ్చు.

2003లో రీగాలో సెర్తాబ్ ఎరెనెర్ ఇంగ్లీషు పాటతో యూరోవిజన్ గెలిచింది. టర్కీకి అదే తొలి విజయం. అంతకుముందు ఇంగ్లీషులో పాడడమేంటని దేశంలో గొడవ నడిచింది, గెలిచాక సద్దుమణిగింది. మరుసటి ఏడాది ఆతిథ్యం ఇస్తాంబుల్‌ది. టీఆర్‌టీ అథీనాను ఎంపిక చేసింది. టర్కిష్‌కి మారి పేరు తెచ్చుకున్న బ్యాండ్, ‘ఫర్ రియల్’ కోసం మళ్లీ ఇంగ్లీషుకు వెళ్లింది. 2001 బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగిన అబ్దీ ఇపెక్చీ ఇండోర్ స్టేడియమే ఈ పోటీకీ వేదిక. తొలిసారి సెమీఫైనల్ పెట్టిన ఆ ఏడాది 36 దేశాలు పాల్గొన్నాయి. ఉక్రెయిన్ గాయని రుస్లానా 280 పాయింట్లతో గెలిచింది. అథీనాకు 195 పాయింట్లు, నాలుగో స్థానం. ఫోన్ ఓట్లు నిర్ణయించిన రోజులవి. 1961 ఒప్పందం తర్వాత జర్మనీకి కూలికి వెళ్లి స్థిరపడిన కుటుంబాల ఓట్లు ఇలాంటప్పుడు టర్కీకి కలిసొచ్చేవి. ఆ మాట చెప్పి పాటను తక్కువ చేయడం మాత్రం అన్యాయం. గ్లామర్ నిండిన వేదిక మీద బ్యాండ్‌గా నిలబడి, తమ తీరులోనే వాయించి వచ్చారు.

ఆ దారిలో తర్వాత మరికొన్ని రాక్ బ్యాండ్లు వెళ్లాయి. వాటిలో 2008లో ‘మొర్ వె ఒతెసి’ ఏడో స్థానంలో, 2010లో ‘మంగా’ రెండో స్థానంలో నిలిచాయి. 2009 నుంచి ఫైనల్లో సగం బలం జ్యూరీ చేతికి వెళ్లింది. అదీ, ఐదు పెద్ద దేశాలకు నేరుగా ఫైనల్ ఇవ్వడమూ నచ్చడం లేదంటూ టీఆర్‌టీ 2013 నుంచి తప్పుకుంది. 2018లో సంస్థ అధిపతి వేదికపైకి వచ్చే గాయకుల వేషధారణ మీద కూడా అభ్యంతరం చెప్పడంతో వివాదం సంగీతాన్ని దాటిపోయింది.

అథీనా మాత్రం ఆగలేదు. 2010లో ‘పిస్’, 2014లో ‘అల్త్‌ఉస్త్’ ఆల్బమ్‌లు తెచ్చింది. గోఖాన్ టీవీ పాటల పోటీలో కోచ్ కుర్చీలోనూ కూర్చున్నాడు. ఏళ్ల తరబడి సభ్యులు మారినా, కవలలిద్దరే బ్యాండ్‌కు వెన్నెముకగా నిలిచారు.