జేబులో పట్టే పిస్టల్

2024 ఎన్నికలప్పుడు కోడ్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చెయ్యమన్నారు, మా పెదనాన్న కూడా తన పిస్టల్ ఇచ్చొద్దాం తోడు రారా అని ఫోన్ చేశాడు. గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళు కమీషన్ వ్యాపారం చేసిన మనిషి, ఒకప్పుడు చీకటి పడ్డాక నోట్ల కట్టలు గుడ్డసంచిలో వేసుకుని స్కూటర్ మీద ఇంటికొచ్చే రోజుల్లో తీసుకున్న లైసెన్సు అది. ఇప్పుడు డబ్బంతా బ్యాంకులోనే తిరుగుతున్నా అలవాటు మాత్రం పోలా. నేను వెళ్ళేసరికి లాల్చీ కుడిజేబులోంచి పిస్టల్ తీసి బల్లమీద పెడుతున్నాడు, దాంతోపాటే బీరువా తాళాల గుత్తి, నాలుగు మడతల తక్‌పట్టీ (సరుకు లెక్క రాసిన చీటీ) ఒకటి కూడా బయటికొచ్చాయి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప చుట్టులో గుడ్డ నూగు ఉండచుట్టుకుని ఉంది. ఆ గుత్తిలో ఒక తాళంచెవి సరిగ్గా ఆ చుట్టులోకి దూరేంత సన్నంగా ఉంది, నా కళ్ళు దానిమీదే ఆగిపోయినై.

"మ్యాగజైన్ తీసేశా, ఖాళీయే" అన్నాడు పెదనాన్న. మ్యాగజైన్ అంటే పిడిలో దూరే తూటాల డబ్బా.

నేను కాలేజీలో ఎన్‌సీసీ చేశా, అక్కడ .22 రైఫిల్ పట్టుకునే ముందు నేర్పింది ఒక్కటే, కంటితో చూడందే ఏ తుపాకీ ఖాళీ కాదు. దాన్ని నేను ముట్టుకోలా, లైసెన్సు ఆయనది. "పెదనాన్నా, ఒక్కసారి పెరట్లో ఇసక కుప్ప దగ్గరికి రండి, మూతి ఇసక వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్ మీద లేకుండా స్లైడ్ వెనక్కి లాగండి" అన్నా. స్లైడ్ అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే ఇనప తొడుగు. ఆయన లాగాడు, రాలా. రెండోసారి పళ్ళు బిగబట్టి లాగితే వచ్చింది, లోపల్నుంచి ఒక తూటా ఎగిరొచ్చి ఇసకలో పడింది.

అది చూసి ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలా. మ్యాగజైన్ తీసేస్తే అందులో ఉన్న తూటాలే పోతాయి, అప్పటికే చాంబర్లోకి, అంటే గొట్టం మొదట్లో తూటా పేలే చోటుకి, ఎక్కి కూర్చున్నది అక్కడే ఉంటుంది. ఎన్నాళ్ళనుంచి ఉందో ఆయనకే తెలీదు. ఎందుకలా వదిలేశారు అంటే, "ఆ స్లైడ్ లాగటం నావల్ల కావట్లేదురా, వేళ్ళు నొప్పులు" అన్నాడు. నాకు ఆ మాట బాగా పట్టుకుంది, ఎందుకంటే దాని వెనకాల ఉన్నదంతా ఫిజిక్సే. చిన్న తుపాకీ అంటే వాడటం తేలిక, పెద్దవాళ్ళకీ ఆడవాళ్ళకీ అదే నయం అని చాలామంది అనుకుంటారు కదా, నిజానికి దాని కష్టాలన్నీ ఆ చిన్నతనంలోనే ఉన్నాయి.

ముందు ఆ స్లైడ్ సంగతే చెప్తా. .32 బోరు (బోరంటే గొట్టం లోపలి కొలత) తూటాని 1899లో జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా డిజైనర్ బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ పిస్టల్ కోసం తయారుచేశాడు, మన దగ్గర మామూలు జనానికి లైసెన్సు మీద దొరికే బోరుల్లో అది ముఖ్యమైంది, 9 ఎంఎం లాంటివి నిషిద్ధ బోరులు. ఈ తూటా మీద కట్టిన చిన్న పిస్టల్స్ చాలావాటికి గొళ్ళెం ఉండదు. అంటే తూటా పేలినప్పుడు వెనక తలుపుని పట్టి ఉంచే లాక్ ఏదీ లేదు, స్లైడ్ బరువూ దాని వెనకున్న స్ప్రింగూ ఈ రెండే ఆ పేలుడుని ఓర్చుకోవాలి, బుల్లెట్ గొట్టం దాటిపోయేదాకా తలుపు తెరుచుకోకూడదు. పిస్టల్ చిన్నదయ్యేకొద్దీ స్లైడ్ బరువు తగ్గుతుంది, తగ్గిన బరువుని స్ప్రింగ్ పూడ్చాలి, అందుకని స్ప్రింగ్ గట్టిదవుతుంది. ఆ గట్టి స్ప్రింగే పెదనాన్న వేళ్ళని ఓడించింది, ఆ ఓటమి వల్లే తూటా చాంబర్లో ఉండిపోయింది. డిజైనర్ బల్లమీద మొదలైన లెక్క ఇలా లాల్చీ జేబుదాకా వచ్చి కూర్చుంది.

ఇక గురి. చిన్న పిస్టల్‌కి గురి ఉండదు అంటారు, అది సగమే నిజం. గొట్టం కదలకుండా బిగించి, యంత్రంలో పట్టించి కాలిస్తే ఈ బుల్లి పిస్టల్స్ కూడా చక్కగా ఒకే చోట కొడతాయి, జర్మనీ కంపెనీ వాల్తర్ వాళ్ళ పీపీకే పిస్టల్ 1931లో వచ్చింది, దానికి గొట్టం ఫ్రేముకే కదలకుండా బిగించి ఉంటుంది, అది గురికి మంచిదే. తప్పేదల్లా మన కన్నూ చెయ్యీ. గురి చూసుకునే గుర్తుల్ని సైట్లంటారు, వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య దూరం ఈ పిస్టల్స్‌లో దాదాపు 10 సెంటీమీటర్లు. మీరు ముందు సైటుని ఒక అర మిల్లీమీటరు, అంటే మన గోరు మందమంత, పక్కకి పట్టుకున్నారనుకోండి, 10 మీటర్ల అవతల బుల్లెట్ 5 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అదే సైట్ల మధ్య 30 సెంటీమీటర్లుంటే అదే తప్పుకి 17 మిల్లీమీటర్లే పోతుంది. ఇది సదృశ త్రిభుజాలు, టెన్త్ క్లాస్ లెక్క.

దీనికన్నా పెద్ద చిక్కు ట్రిగ్గర్. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చూసే ఉంటారు, పారిస్‌లో మనూ భాకర్ కంచు గెలిచిన ఈవెంటు. ఆ పిస్టల్ దాదాపు కిలో ఉంటుంది, 1500 గ్రాములు దాటకూడదని రూలు, ట్రిగ్గర్ మాత్రం 500 గ్రాముల బలానికే కదలొచ్చు. అంటే పిస్టల్ బరువులో సగం బలం చాలు. జేబు పిస్టల్‌లో ఇది తిరగబడుతుంది, పిస్టల్ 300, 400 గ్రాములు, ట్రిగ్గర్‌కి కొన్నిట్లో 3 కిలోల బలం కావాలి. తన బరువుకి ఎనిమిది పది రెట్ల బలంతో లాగుతుంటే ఆ వస్తువు కదలకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

ఇది అర్థం కావడానికి తుపాకీ అక్కర్లేదు, వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ లైటర్ తీసుకోండి. దాని కొసని స్టవ్ దగ్గర కాకుండా గోడమీద ఉన్న ఏదో ఒక చుక్కకి గురిపెట్టి, చెయ్యి చాపి నొక్కండి. టక్కున కొట్టే ముందు స్ప్రింగ్ బిగుస్తున్నప్పుడు ఆ కొస ఎటు పోతుందో చూడండి. నా చేతిలో అయితే కిందకీ ఎడమకీ పోయింది, పదిసార్లు నొక్కితే ఎనిమిదిసార్లు అంతే. షూటింగ్ నేర్చుకునే పిల్లలు ఖాళీ పిస్టల్ గొట్టం మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం ప్రాక్టీస్ చేస్తారు, ఎందుకో లైటర్ ఒకసారి నొక్కాక మీకే తెలిసిపోతుంది.

పేలాక వచ్చే తన్ను సంగతి కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పంటు మీంచి ఒడ్డుకి దూకితే పంటు కదలదు, అదే పుట్టిలోంచి దూకితే పుట్టి వెనక్కి జారిపోయి మనం నీళ్ళలో పడతాం. దూకేవాడు ఒకడే, తేడా అంతా పడవ బరువులో ఉంది. .32 బుల్లెట్ సుమారు 4.6 గ్రాములు, సెకనుకి దాదాపు 275 మీటర్ల వేగంతో పోతుంది. తూటా పేలుడులో పుట్టే గ్యాసు లెక్క పక్కన పెడితే, కిలో పిస్టల్ సెకనుకి 1.3 మీటర్ల వేగంతో వెనక్కొస్తే 300 గ్రాముల పిస్టల్ 4.2 మీటర్ల వేగంతో వస్తుంది. చేతికి తగిలే శక్తి మూడు రెట్లకి పైనే. ఒకసారి అలా తగిలాక రెండోసారి నొక్కేముందు మనిషి తనకి తెలీకుండానే బిగుసుకుపోతాడు, అక్కడ గురి ఇంకా చెడిపోతుంది. అందుకే ఇవి ఒక గది అంత దూరానికే పనికొచ్చేవి, మొదట్నుంచీ అంతే. 1865 ఏప్రిల్ 14న అబ్రహాం లింకన్‌ని కాల్చిన డెరింజర్ అరచేతిలో ఇమిడే ఒంటితూటా పిస్టల్, కాల్చినవాడు సరిగ్గా వెనకే నిలబడి ఉన్నాడు.

నమ్మకం విషయానికొస్తే, పేల్చినప్పుడల్లా పేలుతుందా, మధ్యలో ఇరుక్కుంటుందా అనేది, ఇక్కడ కూడా చిన్నతనమే శత్రువు. స్లైడ్ తేలిక, నడిచే దూరం తక్కువ, కాబట్టి అది వెనక్కెళ్ళి ముందుకొచ్చే కాస్త టైములో పేలిన తూటా ఖాళీ డొల్ల బయటికి పడాలి, కింద మ్యాగజైన్ స్ప్రింగ్ కొత్త తూటాని పైకెత్తాలి, అది సరిగ్గా చాంబర్లోకి వెళ్ళాలి. పెద్ద పిస్టల్‌లో కాస్త మురికి ఉన్నా నడుస్తుంది, ఇందులో నడవదు. మణికట్టు వదులుగా పట్టుకున్నా ఇరుక్కుంటుంది. తేలికపాటి బల్ల సొరుగు లాగి చూడండి, బల్లని రెండో చేత్తో పట్టకపోతే సొరుగు రాదు, బల్లే మీదికొస్తుంది. స్లైడ్‌కి ఆ బల్ల మన చెయ్యి. .32 తూటాకి ఇంకో జబ్బు కూడా ఉంది, దాని అడుగు అంచు ఒంటికన్నా కొంచెం బయటికి ఉంటుంది, మ్యాగజైన్లో పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనకాల పడిందంటే రెండూ కొక్కెం వేసుకున్నట్టు పట్టేసుకుంటాయి, ఇక ఎంత లాగినా పైది ముందుకి రాదు. మ్యాగజైన్ నింపేటప్పుడే ప్రతి తూటా అంచు కిందిదాని ముందు ఉందో లేదో చూసుకోవాలి.

మన విజయవాడ గుంటూరు మే నెల ఎండల్లో జేబంటే చెమట, ఉప్పు, నూగు. ఉప్పునీళ్ళకి ఉక్కు ఎంత తొందరగా తుప్పు పడుతుందో తెలిసిందే, పైగా నూనె ఎక్కువ రాస్తే నూగు దానికే అంటుకుని బంకలా తయారవుతుంది, అందుకని పల్చగా తుడిచి వదిలెయ్యాలి, నెలల తరబడి జేబులో తిరిగిన తూటాల్ని మార్చెయ్యాలి.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది వేరే ఉంది. ఇలాంటి పిస్టల్ తన జీవితమంతా పేల్చకుండానే జేబులో గడుపుతుంది, కాబట్టి అది పేలకూడనప్పుడు పేలకుండా ఉండటమే దాని అసలు పని. కిందపడితే ఏమవుతుందో చూడండి. 1.2 మీటర్ల ఎత్తునుంచి, అంటే జేబు ఎత్తుకి కాస్త పైనుంచి పడితే, నేలని తాకేసరికి సెకనుకి దాదాపు 4.8 మీటర్ల వేగం. మూతి సిమెంటుకి తగిలి పిస్టల్ ఆగుతుంది, లోపలున్న ఫైరింగ్ పిన్ (తూటాని పొడిచి పేల్చే సూది) మాత్రం బ్రేకేసిన బస్సులో నిలబడ్డ మనిషిలాగా ముందుకే పోతుంది. దాన్ని ఆపడానికి కొన్ని పాత పిస్టల్స్‌లో ఒక సన్నటి స్ప్రింగ్ తప్ప ఏమీ ఉండదు. కొత్తవాటిలో చాలావరకూ పిన్‌కి అడ్డంగా ఒక ముక్క ఉంటుంది, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప అది తప్పుకోదు. అడ్డు లేని పాత రివాల్వర్లలో సుత్తి తిన్నగా తూటా మీదే ఆని ఉంటుంది, వెనకనుంచి దెబ్బ తగిలితే చాలు. 2024 అక్టోబర్ 1న ముంబైలో హిందీ నటుడు గోవిందా లైసెన్సు రివాల్వర్ చేతిలోంచి జారిపడి పేలి ఆయన కాలికే తగిలిందని వార్తల్లో చూశాం. 2008 నవంబర్లో న్యూయార్క్ క్లబ్బులో ప్లాక్సికో బరెస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడికీ ఇలాంటిదే జరిగింది, హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) లేకుండా నడుములో దోపుకున్న పిస్టల్ జారుతుంటే పట్టుకోబోయి తన తొడలోకే పేల్చుకున్నాడు, తర్వాత జైలుకీ వెళ్ళాడు. జారేదాన్ని పట్టుకోబోతే వేలు ముందు వెళ్ళేది ఆ ట్రిగ్గర్ చుట్టులోకే, అందుకే పడుతుంటే పడనివ్వమంటారు తెలిసినవాళ్ళు.

పెదనాన్నకి ఆరోజు పెరట్లో నిలబడే చెప్పా. జేబులో పెట్టాల్సి వస్తే ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ ఉండాలి, ఆ జేబులో తాళాలు కాదు కదా, రూపాయి బిళ్ళ కూడా ఉండకూడదు. 2016 ఆయుధాల రూల్స్ కూడా బయటికి తీసుకెళ్ళేటప్పుడు హోల్‌స్టర్లోనో బ్యాగులోనో పెట్టి కప్పే తీసుకెళ్ళమంటాయి. చాంబర్ ఖాళీగా ఉంచుకోవాలి, ఆయన వేళ్ళతో అవసరమైనప్పుడు స్లైడ్ లాగలేకపోతే అసలు అది ఆయనకి సరిపోయే ఆయుధమే కాదు. ఈ చివరి మాటకి ఆయన మొహం చిన్నబోయింది, అయినా వెనక్కి తీసుకోలా నేను.

స్టేషన్లో ఒక హెడ్ కానిస్టేబుల్ గారు పిస్టల్ తీసుకుని, ఖాళీ చేసుకొచ్చాం అని మేం చెప్తున్నా వినకుండా ఇసక నింపిన బకెట్ వైపు మూతి తిప్పి స్లైడ్ లాగి పట్టుకున్నారు. సెల్‌ఫోన్ లైటుతో లోపల చూశారు, చూశాక చిటికెన వేలు చాంబర్లోకి పెట్టి తడిమారు. ఆ తర్వాతే రిజిస్టర్ తెరిచి నంబర్ రాసుకున్నారు. పెదనాన్న రసీదు తీసుకోవడం కూడా మర్చిపోయి ఆయన వేలి వంకే చూస్తూ నిలబడ్డాడు.